కుట్టు ఆగిన చోట

మార్చి 3

మామయ్యకి,

ఫోన్‌లో రక్తం అనే మాట ఎత్తగానే "మిషను చప్పుడులో ఏమీ వినపడటం లేదు" అని పెట్టేస్తున్నావు. మొన్న నువ్వు ఆ మాట అన్నప్పుడు మిషను చప్పుడే లేదు. వెనక అత్తయ్య గిన్నెలు సర్దడం కూడా నాకు వినపడింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు.

నువ్వు కుట్టి పంపిన తెల్ల కోటు అందింది. నేను కొలతలు పంపకపోయినా ఏటేటా భుజాల దగ్గర అంత సరిగ్గా ఎలా కూర్చుంటుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా ల్యాబ్‌లో మిగతా వాళ్ళ కోట్లు గోనెసంచుల్లా వేలాడుతుంటాయి. అన్నట్టు, నేను డాక్టరునని నీ కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నావట. నేను డాక్టరును కాను. ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని మైనంలో పోసి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద అతికించి, రంగు వేసి డాక్టర్లకి అందిస్తాను. నువ్వు గుడ్డ కోస్తావు, నేను ఒంటి ముక్కలు కోస్తాను. అంతే తేడా.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో నువ్వు విననిది ఇదే.

మా పెద్ద డాక్టరమ్మ ఒక ప్రొటీన్ వెనక పడింది. అది మెదడు కణాల్లో ఉంటుంది. పేరు ఆల్ఫా సిన్యూక్లిన్, నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దాన్ని తయారుచేయించే జీన్ అందరిలోనూ రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఏ కొద్ది కుటుంబాల్లోనో మూడో ప్రతి చేరుతుంది. నీ భాషలో చెప్పాలంటే, కటింగు కాగితం ఒకటి ఎక్కువ పడి, కోటుకి అక్కర్లేని మూడో చెయ్యి తయారవుతూనే ఉంటుందన్నమాట. ఎక్కువైన ప్రొటీన్ మెదడులో ఉండలు కడుతుంది, కణాలు చచ్చిపోతాయి, చేతులు వణుకుతాయి. తాతయ్యకి వణికినట్టు.

విచిత్రం ఏమిటంటే, అదే ప్రొటీన్ నల్లమచ్చ క్యాన్సర్ కణాల్లో కూడా కనపడుతోంది. అక్కడ చంపడం లేదు, పైగా ఆ పాడు కణాలు బతకడానికి సాయం చేస్తోందేమోనని అనుమానం. అనుమానమే. ఖాయంగా ఎవరూ చెప్పలేదు. వణుకుడు జబ్బున్న వాళ్ళకి ఆ క్యాన్సర్ కాస్త ఎక్కువగా వస్తోందని మాత్రం చాలా చోట్ల చూశారు.

తాతయ్యకి వణుకు. అమ్మకి వీపు మీద మచ్చ. ఇద్దరూ లేరు. తాతయ్య పిల్లల్లో మిగిలింది నువ్వొక్కడివే. ఒక్క గొట్టం రక్తం ఇస్తే మన ఇంట్లో ఆ మూడో ప్రతి ఉందో లేదో తేలుతుంది. ఉంటే నువ్వు జాగ్రత్తపడొచ్చు. నా సంగతి తర్వాత చూసుకుంటాను.

నేనే వచ్చి నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. కానీ ఇక్కడ కోసేది నేనొక్కదాన్నే, సెలవు దొరకదు. సంతకం పెట్టాల్సిన ఫారం జతచేశాను. ఇది నాలుగోది. పనిలో పనిగా రెండు మాటలకి నిజం చెప్పు. నీ చేతులు వణుకుతున్నాయా? వీపు మీద మచ్చలేమైనా ఉన్నాయేమో అత్తయ్య చేత చూపించుకున్నావా?

నీ మేనకోడలు

మార్చి 12

దారపుండకి,

మామయ్య ఆశీస్సులు. మీ అత్తయ్య ఆశీస్సులు కూడా, ఆవిడ విడిగా రాయదు కాబట్టి ఇందులోనే.

ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదని నీకెవరు చెప్పారు? ప్రొటీన్ పేరు దగ్గర పెట్టేశాను. రెండు రోజులు కత్తెర కింద పడి ఉంది. మీ అత్తయ్య అంతా చదివి నా మీద విరుచుకుపడితే మళ్ళీ తీశాను.

చేతుల గురించి అడిగావు. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు సూదిలోకి దారం ఎక్కించాను, కళ్ళజోడు లేకుండా, మొదటిసారికే. మీ అత్తయ్య సాక్షి. వీపు కూడా చూసింది. దద్దురు కూడా లేదంది. సబ్బు సరిగ్గా రుద్దుకోవడం లేదని మాత్రం అంది.

ఇక తాతయ్య సంగతి. నీకు తెలిసింది ఆయన మంచాన పడ్డ రోజులే. నాకు అంతకు ముందువి తెలుసు. చెయ్యి వణకడం మొదలైన ఏడాది ఈ వీధిలో ఏమన్నారో తెలుసా? తాగుతున్నాడన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషిని. ఒక పెళ్ళికొడుకు కొలతలిస్తూ, టేపు ఊగడం చూసి, చొక్కా తొడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. ఆ టేపు చుట్టి సొరుగులో పెట్టింది నేను. అప్పుడు ఆయన నా మొహం చూడలేదు, నేను ఆయన మొహం చూడలేదు. ఇప్పుడు నువ్వు ఆయన రక్తమే చెడ్డదంటున్నావు. అక్క పోవడానికి కూడా ఆయనే కారణమంటున్నావు. పోయిన మనిషి మీద ఇంకెన్ని నేరాలు మోపుతారు?

పైగా ఒకే వస్తువు ఒకచోట చంపుతుంది, ఒకచోట బతికిస్తుంది అంటున్నావు. ఒకే దారం ఒక చొక్కాలో పుచ్చిపోయి ఇంకో చొక్కాలో పెరుగుతుందని నేను చెబితే నువ్వు నమ్ముతావా?

నా కొట్టుకి ఎదురుగా రెండు రెడీమేడ్ కొట్లున్నాయి. టైలరుకి వణుకుడు జబ్బు పరీక్ష చేశారట అని ఒక్క మాట బయటికి పొక్కితే చాలు, నాన్న గతే నాకూ పడుతుంది. ఆ ఊసు ఇక ఎత్తకు.

ఇక్కడి విశేషం ఒకటే. నా సాక్సులు నేనే ఉతుక్కుంటున్నాను. సూర్యుడు పడమట పొడిచాడని మీ అత్తయ్య ఇరుగుపొరుగు అందరికీ చెబుతోంది.

ఫారం వెనక వైపు తెల్లగా ఉంది. కాలరు కటింగుకి పనికొచ్చింది.

కత్తెర మామ

మార్చి 19

మామయ్యా,

కాలరు కటింగా? ఆ ఫారం కోసం రెండు ఆఫీసులు తిరిగాను. నీతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయం, గోడ కనీసం ఎదురు చెప్పదు.

నేను తాతయ్య మీద నేరం మోపలేదు. ఇది ఎవరూ చేసిన తప్పు కాదు. ఆయన ముక్కు నీకు వచ్చింది, నీ ముక్కు నాకు వచ్చింది. దానికి ఎవరినైనా తిట్టుకున్నామా? అద్దం ముందు నేను తిట్టుకున్నాననుకో, అది వేరే సంగతి.

ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచాను. నీకు చెబితేనైనా కదులుతావేమోనని రాస్తున్నాను.

పోయిన నెల డాక్టరమ్మ పాత నల్లమచ్చల దిమ్మలు నలభై తీయమంది. మా స్టోరు గదిలో ఇనప సొరుగులుంటాయి. వాటిలో మైనం దిమ్మలు వరసగా ఉంటాయి. పేర్లుండవు, నంబర్లే. ముప్ఫై ఒకటో దిమ్మ చేతిలోకి తీసుకునేసరికి ఆ నంబరు నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట ఆ దిమ్మ పోసింది నేనే. అది అమ్మ మచ్చ.

ఇది మా అమ్మది, నేను కోయలేను, బయటి ల్యాబ్‌కి పంపండి అని చెప్పాల్సింది. చెప్పలేదు. వేరేవాళ్ళ చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. మొదటి నాలుగు పొరలు చక్కగా వచ్చాయి. ఆ ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలాలి. అమ్మ మచ్చంతా గోధుమరంగే. ఇంకొన్ని పొరలు తీస్తే జీన్ సంగతి కూడా తేలుతుందేమోనని ఆశ పుట్టింది. కోసే మిషనుకి పక్కన చక్రం ఉంటుంది. పల్చగా కోయడానికి ఒక అంకె, మందంగా చెక్కి చదును చేయడానికి ఒక అంకె. మందం అంకె మీద ఉందని చూసుకోకుండా తిప్పాను. మూడు తిప్పులకి ముక్క అయిపోయింది. చూసేసరికి ఉత్త మైనం మిగిలింది. పదకొండేళ్ళ నా పనిలో ఆ పొరపాటు ఎప్పుడూ చేయలేదు. అమ్మ దగ్గరే చేశాను.

రంగు ప్రొటీన్ ఉందని చెబుతుంది. మూడో ప్రతి ఉందో లేదో చెప్పదు. ఇక మిగిలింది నీ రక్తమే. ఐదో ఫారం పంపుతున్నాను. ఇది రెండు వైపులా అచ్చేసింది, కటింగుకి పనికిరాదు. మీ ఊరి ఆసుపత్రిలో ఇస్తే వాళ్ళే పంపుతారు. నీ పేరు కూడా ఉండదు, నంబరే.

నీ మేనకోడలు

ఏప్రిల్ 2

అమ్మాయీ,

అక్కని సొరుగులో పెట్టుకున్నారా ఆరేళ్ళు? మాకు ఒక మాటైనా చెప్పక్కర్లేదా? అంతా అయిపోయిందనుకుని మేం ఇంటికి వచ్చేశాం. ఒక ముక్క అక్కడే నంబరు వేసుకుని చలిలో కూర్చుందని ఇప్పుడు తెలుస్తోంది. మీ అత్తయ్య ఉత్తరం చదివి ఏడ్చింది. నేను ఏడవలేదు. కొట్టు మూసి కూర్చున్నాను.

నన్ను చదివించాలని పట్టుబట్టింది అక్క. నేను చదవనంటే, అయితే కాజాలైనా సరిగ్గా కుట్టడం నేర్చుకోరా అని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది అక్క. ఆవిడ ముక్కని నువ్వు చక్రం చూసుకోకుండా తిప్పేశావు. గుడ్డకి కత్తెర పెట్టే ముందు రెండుసార్లు కొలవమని నీ చిన్నప్పుడు వందసార్లు చెప్పాను. ఒక్క ముక్కని జాగ్రత్తగా కోయలేనిదానివి నా రక్తం మాత్రం జాగ్రత్తగా పెడతావా? నంబరే ఉంటుంది, పేరుండదు అని నాకు ధైర్యం చెబుతున్నావు. అక్కకీ నంబరే ఉంది కదా. నువ్వు గుర్తుపట్టలేదూ?

ఇవ్వను. ఇదే ఆఖరు మాట.

ఈ మధ్య మధ్యాహ్నం దాకే కొట్టు తీస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. ఆరా తీయకు.

మామయ్య

ఏప్రిల్ 9

గౌరవనీయులైన మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. నేను జాగ్రత్త లేనిదాన్నన్న మాట మీరు రాయకముందే నాకు తెలుసు. రోజుకి వంద దిమ్మలు కోస్తాను, వందసార్లు ఆ చక్రం అంకె చూస్తాను, వందసార్లు అదే గుర్తొస్తుంది. మీరు అదనంగా గుచ్చాల్సిన పని లేదు. అది అమ్మ సంతకం పెట్టి ఇచ్చిన ముక్క. మీకు చెప్పకపోతే అది ఆవిడ ఇష్టం.

ఇక మీ చేతుల గురించి. మధ్యాహ్నానికే కొట్టు మూస్తున్నారంటే నాకు అర్థం కాదనుకున్నారా? సూదిలోకి దారం ఎక్కించిన కథ నాకు చెప్పకండి. ఆ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడే బయటపడుతుంది, పనిలో ఉన్నప్పుడు దాక్కుంటుంది.

మీరు నిజం చెప్పరని తెలిసి మీ కుట్టునే అడిగాను. ఈ ఏడు పంపిన కోటు వీపు కుట్టుని మైక్రోస్కోప్ కింద పెట్టి మెడ నుంచి అంచు దాకా చూశాను. పోయినేడు కోటులో దారం ఒక్క ఊపున పై నుంచి కిందికి దిగింది. ఈ ఏడు కోటులో పదకొండు చోట్ల కుట్టు ఆగింది. ఆగిన ప్రతిచోటా నాలుగు కుట్లు వెనక్కి వేసి మళ్ళీ మొదలుపెట్టారు. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. అంత నేర్పుగా దాచారు. మీ చేతులు ఆగిపోతున్నాయి మామయ్య గారూ. ఫొటో తీసి జతచేశాను, బాణం గుర్తులతో.

జూన్ ఆఖరుకి డాక్టరమ్మ ఈ పని మూసేస్తుంది. తర్వాత మీరు ఇస్తానన్నా తీసుకునే వాళ్ళుండరు.

ఇట్లు,
మీ మేనకోడలు

ఏప్రిల్ 20

ల్యాబ్ దొరసాని గారికి,

బాణాలు వేసిన ఫొటో చూశాను. నా కుట్టు మీద బాణాలు వేసిన మొదటి మనిషివి నువ్వే. నలభై ఏళ్ళలో ఏ కస్టమరూ అంత సాహసం చేయలేదు.

చేసినదానివి కుట్టు చదవడం నేర్చుకుని చేయాల్సింది. ఆ ఫొటో మళ్ళీ చూడు. కుట్టు ఎక్కడైనా వంకరపోయిందా? పోలేదు. స్కేలు పెట్టి గీసినట్టుంది. కుట్టు వంకరపోతే చెయ్యి. కుట్టు ఆగితే కాలు. మిషను మీద కూర్చున్న మొదటి రోజు నాన్న నాకు చెప్పిన మొదటి ముక్క ఇది. గుడ్డని నడిపేది చెయ్యి, మిషనుని నడిపేది కాలు. నాన్న ఆఖరున కుట్టిన చొక్కా ఒకటి ఇంకా నా పెట్టెలో ఉంది. అందులో ఒక్కచోట కూడా ఆగలేదు, కానీ కుట్టు అటూ ఇటూ కొట్టుకుంటూ పోయింది. అది వణుకు. నాది కాదు.

ఆగిన మాట నిజమే. ఎందుకు ఆగిందో అడిగితే చెప్పేవాణ్ణి కదా. కుడికాలి బొటనవేలి కింద ఆనెకాయ ఉంది. నలభై ఏళ్ళు ఇనప పెడలు తొక్కితే రాకేం చేస్తుంది? రెండేళ్ళ కిందట నల్లబడింది. పెడలు నలుపు చర్మంలోకి దిగిందనుకుని వదిలేశాను. ఈ చలికాలంలో కాస్త పెద్దదైంది, అంచులు చెదిరినట్టు పాకింది, గట్టిగా తొక్కితే రక్తం వస్తోంది. మీ అత్తయ్య చూస్తే గోల చేస్తుందని సాక్సులు నేనే ఉతుక్కుంటున్నాను. కాలు సలిపినప్పుడల్లా మిషను ఆపి, నొప్పి తగ్గాక మళ్ళీ తొక్కుతున్నాను. పదకొండు చోట్ల ఆగిందంటే పదకొండుసార్లు సలిపింది. అంతకు మించి అందులో జబ్బూ లేదు, గిబ్బూ లేదు.

అర్థమైందా? చెయ్యి కాదు, కాలు. ఇప్పుడు ఏ బాణం వేస్తావో వెయ్యి.

కత్తెర మామ

ఏప్రిల్ 25

మామయ్యా,

నిన్న ఫోన్‌లో అరిచాను. నువ్వు కూడా అరిచావు. ఆ అరుపుల్లో నీకు ఏం వినపడిందో తెలియదు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. అత్తయ్యకి అంతా చెప్పాను. రేపు ఆవిడ నిన్ను ఆసుపత్రికి తీసుకెళుతుంది. మిషను మీద కూర్చుంటే కరెంటు తీసేస్తానంది. నీ మిషనుకి కరెంటు అక్కర్లేదని నేను గుర్తుచేయలేదు.

నీ ఉత్తరంలో ఆనెకాయ సంగతి చదవగానే ఫోన్ అందుకున్నాను. అది ఆనెకాయ కాకపోవచ్చు. నలుపు చర్మంలోకి దిగడం, అంచులు చెదరడం, రక్తం, ఈ మూడు మాటలూ నేను రోజూ డాక్టర్ల కాగితాల మీద చదువుతాను. ఎండ సోకని అరికాలులో కూడా ఆ మచ్చ వస్తుంది. నాకు తెలుసు. తెలిసి కూడా నిన్ను చేతులు అడిగాను, వీపు అడిగాను. కాలు అడగలేదు. నేను అడిగినదానికల్లా నువ్వు నిజమే చెప్పావు. ఆ కుట్టు నా మైక్రోస్కోప్ కింద పెట్టుకుని, లెక్కపెట్టి, బాణాలు కూడా వేసి, చూడాల్సింది మాత్రం చూడలేదు.

రెండు నెలలు నీతో పోట్లాడటానికే సరిపోయాయి. ఆ రెండు నెలలూ అది పాకుతూనే ఉంది. నా మీద నాకు వస్తున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

రక్తం సంగతి మర్చిపో. ఫారం కటింగుకి వాడుకో. కాలు చూపించు.

నీ దారపుండ

జూన్ 8

దారపుండకి,

ఇది మంచం మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే దాన్ని కూడా మైక్రోస్కోప్ కింద పెట్టకు. కింద మెత్తటి దిండు ఉంది, అందుకు.

ఆపరేషన్ రోజు నీకు సెలవివ్వని వాళ్ళ గురించి మీ అత్తయ్య అన్న మాటలు ఇక్కడ రాయను. బొటనవేలు తీసేశారు. గజ్జలో ఒక గ్రంథి కూడా తీసి చూశారు. అందులోకి ఇంకా పాకలేదన్నారు, మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఇంకో చలికాలం ఆగి ఉంటే మాట వేరేగా ఉండేదట. ఆ మాట చెప్పిన డాక్టరు చిన్నవాడు, మంచివాడు, కానీ కుట్టు మాత్రం ఘోరం. గోనెసంచికి కూడా అంత దూరం దూరంగా వేయరు. ఆయనతో చెప్పాను. నవ్వి, మీరు చూస్తుంటే చెయ్యి వణికిందండీ అన్నాడు.

రక్తం కూడా ఇచ్చాను. ఎలాగూ సూది గుచ్చి ఉంచారు, ఒక గొట్టం నింపుకోమన్నాను. ఫలితం మొన్న వచ్చింది. నీకూ తెలిసే ఉంటుంది. ఉంది. మూడు ప్రతులు. ఈ మచ్చ దానివల్లే వచ్చిందని చెప్పలేమన్నారు. వణుకు వస్తుందా అంటే రావచ్చు, ఎప్పుడో చెప్పలేమన్నారు. యాభై ఎనిమిదేళ్ళకి రాలేదు, చూద్దాం.

ఆ కాగితం చేతికిచ్చినప్పుడు నేను కస్టమర్ల గురించి భయపడాల్సింది. భయం వేయలేదు. నాన్న తాగలేదని మొట్టమొదటిసారి ఒక కాగితం నా చేతిలో ఉంది. ఇన్నేళ్ళూ ఆయన మీద పడ్డ మాటని తుడవడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. నువ్వు పంపుతుంటే ఆ ఫారాలతో కాలర్లు కోసుకున్నాను. కొట్లో అద్దం పక్కన ఆ కాగితం అంటించమన్నాను. మీ అత్తయ్య అంటించింది. ఎదురు కొట్టు ముసలాయన, ఆ రోజుల్లో ఆ మాట అన్నవాళ్ళలో ఒకడు, కళ్ళజోడు పెట్టుకుని చదివాడట. మర్నాడు రెండు ప్యాంట్లు పొట్టి చేయమని తెచ్చిచ్చి వెళ్ళాడట, తన కొట్లో సొంత మిషను ఉంచుకుని.

ఇప్పుడు నా వంతు. జీన్ సంగతి చెప్పిన డాక్టరు నన్ను ఒక మాట అడిగాడు. మీ మేనకోడలు తన రక్తం ఎప్పుడు ఇచ్చిందండీ అని. ఇన్నాళ్ళూ నా వెంట పడ్డావు. ఐదు ఫారాలు పంపావు. నీ రక్తం ఎక్కడ? ల్యాబ్ నీది, గొట్టాలు నీవి, చెయ్యి చాపితే క్షణం పని. నా కొలత తీసుకుని, అందులో తేడా ఏమీ లేకపోతే నీ కొలత తీయాల్సిన అవసరమే ఉండదనుకున్నావు కదూ? నేను చెయ్యి దాస్తున్నానని అన్ని ఉత్తరాలు రాశావే, నువ్వు దాచింది ఏమిటి?

జవాబు రాయి. ఫోన్ చేస్తే మిషను చప్పుడు అంటాను.

మామయ్య

జూన్ 17

మామయ్యా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నువ్వన్నది నిజం. నీకు లేదని తేలితే నాకూ లేదనుకుని నిద్రపోదామనుకున్నాను. అలా తేలదని కూడా నాకు తెలుసు. నీకు లేకపోయినా అమ్మకి ఉండొచ్చు, నాకు ఉండొచ్చు. ఇదంతా ఇతరులకి వివరించి చెప్పే పని నాది. నా దగ్గరికి వచ్చేసరికి తెలియనట్టు నటించాను. నిన్ను మొండివాడివని తిట్టినన్నాళ్ళూ నా భయం నాకు కనపడలేదు. చేతుల గురించే ఎందుకు అన్నిసార్లు అడిగానో ఇప్పుడు తెలుస్తోంది. అవి నీ చేతులు కావు, నావే. వెంట్రుక కన్నా పల్చటి పొరని కుంచె కొనతో ఎత్తి నీళ్ళ మీద పరచాలి. చెయ్యి ఏ మాత్రం కదిలినా ముడుచుకుపోతుంది. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

అమ్మ దిమ్మ పాడుచేసిన రోజు చక్రం అంకె చూసుకోలేదని రాశాను. నిజానికి ఆ రోజు నా చెయ్యి వణికి అంకె మారిపోయింది. అది అమ్మ ముక్క కాబట్టి వణికిందా, ఇంకో కారణం వల్లా అన్నది నాకు తెలియదు. అది నీకు కూడా రాయలేదు.

ఇవాళ ఇచ్చాను. పక్క గదిలో పనిచేసే ఆవిడ తీసింది. గొట్టం మీద నంబరు నేనే రాసి అంటించాను. అమ్మకి ఉండి ఉంటే నాకు సగానికి సగం అవకాశం. ఉన్నా మందు లేదు. ఏడాదికోసారి ఒళ్ళంతా చూపించుకోవడం, చేతుల్ని కనిపెట్టుకుని ఉండటం, అంతే. 28న మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి రమ్మంది. వెంట ఎవరినైనా తెచ్చుకోమంది. ఎవరూ లేరు, ఫరవాలేదు అన్నాను.

చాలా భయంగా ఉంది మామయ్యా. అత్తయ్యకి చెప్పకు.

దారపుండ

జూన్ 25

దారపుండకి,

మీ అత్తయ్యకి చెప్పాను. సంచి సర్దుతోంది.

ఈ ఉత్తరం అనవసరం. రేపు పొద్దున బండికి నేనే బయలుదేరుతున్నాను, ఇది నా వెనక ఎప్పుడో వస్తుంది. ఇది నువ్వు చదివే వేళకి ఆ గదిలోకి వెళ్ళి, వినాల్సింది విని బయటికి వచ్చేసి ఉంటాం. ఏం విన్నామో నాకు ఇప్పుడు తెలియదు. పక్కన నేనున్నానని మాత్రం తెలుసు. ఎవరూ లేరు ఫరవాలేదు అన్నావట. నేను పోయానా? పోయింది నా బొటనవేలు ఒక్కటే.

కుడికాలికి లోపల దూది కుక్కిన బూటు ఇచ్చారు. నడక బాతు నడకే కానీ నడుస్తున్నాను. ల్యాబ్‌లో నవ్వితే ఊరుకోను.

కొత్త కోటు తెస్తున్నాను. ఎడమకాలితో తొక్కడం నేర్చుకుని కుట్టిన మొదటి బట్ట ఇదే. ఎలాగూ వీపు కుట్టు మైక్రోస్కోప్ కింద పెడతావు కాబట్టి ముందే చెబుతున్నాను. మెడ నుంచి జానెడు కింద ఒక్కచోట ఆగింది. నాలుగు కుట్లు వెనక్కి వేసి మళ్ళీ మొదలుపెట్టాను. అది కాలు కాదు. నీ ఉత్తరం అప్పుడే వచ్చింది.

మామయ్య